కొబ్బరి చెట్టెక్కి వచ్చిన కేబుల్

మా పెరట్లో దక్షిణం వైపు కొబ్బరి చెట్టుకు రెండు నిలువుల ఎత్తున తుప్పు పట్టిన మేకు ఒకటి ఉంది. కొబ్బరి మాను మొవ్వు దగ్గరే తప్ప ఇంకెక్కడా సాగదు. అందుకే ముప్ఫై ఏళ్లు దాటినా ఆ మేకు కొట్టినచోటే ఉండిపోయింది. చెట్టు మాత్రం దాన్ని కింద వదిలేసి పైకి వెళ్లిపోయింది. 1992 వేసవిలో ఆ మేకుకు ఒక నల్ల తీగ కట్టారు. పక్క వీధి రేడియో మెకానిక్ డాబా మీద బయల్దేరి, ఒక చింతచెట్టు, ఒక పంట కాలవ, రెండు కొబ్బరి తోటలు దాటుకుని ఆ తీగ మా ఇంటికి చేరింది. ఇంట్లో ఉన్నది ఈసీ టీవీ. నలుపు తెలుపు బొమ్మ, ముందు జరుపుడు తలుపులున్న చెక్కపెట్టె. ఆ సాయంత్రం అందులో 'శాంటా బార్బరా' అనే అమెరికా ధారావాహిక వచ్చింది. కాలిఫోర్నియాలో ఎవరో బాగా ఉన్నవాళ్ల ఇంటి కథ. మా నాయనమ్మకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. అరగంట కదలకుండా చూసి, "ఏముందర్రా, ఆస్తి తగువే" అని తేల్చేసి వంటింట్లోకి వెళ్లింది.

ఉపగ్రహ టీవీ గురించి రాసినవాళ్లంతా అది ఆకాశం నుంచి వచ్చిపడిందనే రాశారు. నిజానికి ఆకాశం నుంచి దిగింది ఊరికి ఒక్క డాబా మీదికే. ఆ డాబా నుంచి మన నట్టింటికి తెచ్చింది నిచ్చెన, కటింగ్ ప్లేయరు, మోపెడ్ తప్ప మరో ఆస్తి లేని కుర్రాళ్లు. ఏ ప్రభుత్వమూ దానికి పథకం వేయలేదు. మొదట్లో ఏ పెద్ద కంపెనీ పైసా పెట్టలేదు. దేశంలో ఇంత పెద్ద తీగల అల్లిక, అడిగేవాడూ అనుమతిచ్చేవాడూ లేకుండా వీధి వీధినా దానంతటదే అల్లుకుపోయింది. లైసెన్సు లేని వ్యాపారం కాబట్టి ఎవరూ కాగితాలు దాచుకోలేదు. దాచుకోకపోవడమే క్షేమం కూడా. అందుకే ఛానళ్ల చరిత్ర మనకు బోలెడు దొరుకుతుంది గానీ, తీగ చరిత్ర దొరకదు.

డిష్ అనేది తెలుగు పల్లెకు 1992లో కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు 1న మొదలైన 'సైట్' ప్రయోగంలో అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూళ్లకు వాడే ఇనప వల లాంటి దానితో చేసిన పదడుగుల గొడుగు, కింద ఒక టీవీ, చుట్టూ ఊరంతా. ఆ టీవీలు చేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, అంటే మా ఇంటి ఈసీ టీవీ పుట్టిల్లే. 1976 జులై 31న గడువు తీరింది. ఉపగ్రహం అసలు యజమాని దగ్గరికి వెళ్లిపోయింది. డిష్‌ను అంత ముందే చూసిన ఊళ్లలో చాలా వాటికి మళ్లీ టీవీ మొహం చూడడానికి ఏళ్లు పట్టింది.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. అది రాజధానికి. మా కోనసీమ లాంటి చోట్ల టీవీ అంటే గాల్వనైజ్డ్ పైపు చివర అల్యూమినియం పుల్లల యాంటెనా. గాలి కొడితే అది తిరిగిపోయేది. ఒకరు డాబా ఎక్కి పైపు తిప్పాలి, ఒకరు కిటికీ దగ్గర నిలబడాలి, ఒకరు టీవీ ముందు కూచోవాలి. "వచ్చిందా?" "ఆయ్, వచ్చిందండీ... ఆఁ, పోయింది!" 1987 జనవరి 25 నుంచి ఆదివారం పొద్దుటే 'రామాయణ్' మొదలయ్యాక ఈ కేకలు ఊరంతటా ఒకేసారి వినబడేవి.

మన కేబుల్ మాత్రం ఈ యాంటెనాకు పుట్టిన బిడ్డ కాదు. అమెరికాలో 1940ల చివర పెన్సిల్వేనియా లాంటి కొండప్రాంతాల్లో, సిగ్నల్ అందని లోయల వాళ్ల కోసం కొండ మీద ఒక్క పెద్ద యాంటెనా పెట్టి ఇంటింటికీ తీగ లాగారు. అక్కడ కేబుల్ అలా పుట్టింది. మన దేశంలో దాని తల్లి వీసీఆర్. 1984 ప్రాంతంలో బొంబాయి అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తులో ఒక వీసీఆర్ పెట్టి, అన్ని ఫ్లాట్లకూ తీగ లాగి, రోజుకు రెండు మూడు సినిమాలు వేయడం మొదలుపెట్టారు. 1989లో గార్వేర్ ప్లాస్టిక్స్ వర్సెస్ టెలిలింక్ కేసులో బొంబాయి హైకోర్టు, ఇలా సినిమాలు వేయడం ప్రజలకు ప్రసారం చేయడమే, హక్కుదారుడి అనుమతి లేకుండా కుదరదు అని చెప్పింది. తీర్పు బొంబాయిలో ఉండిపోయింది. పద్ధతి మాత్రం రైలెక్కి దేశమంతా తిరిగింది.

కోనసీమకు వీసీఆర్ బొంబాయి నుంచి రాలేదు, కువైట్ నుంచీ మస్కట్ నుంచీ వచ్చింది. గల్ఫ్ వెళ్లినవాళ్లు రెండేళ్లకోసారి తెచ్చే సరంజామాలో సెంటు సీసాలు, దుప్పట్లు, టేప్‌రికార్డర్ తర్వాత కలర్ టీవీ, వీసీఆర్ చేరాయి. పెళ్లికో సంక్రాంతికో రాత్రంతా అద్దెకు తెచ్చి నాలుగు సినిమాలు వరసగా వేసేవారు. మూడో సినిమా సగంలో పిల్లలం పడిపోయేవాళ్లం. వీసీఆర్ ఉన్న ఇంటి గోడకు చెవి ఆనించి మాటలు వినే పక్కింటివాళ్లకు, ఆ బొమ్మ కూడా ఒక తీగతో ఇస్తే ఎలా ఉంటుందనే ఆలోచన వచ్చిన ఆ రేడియో మెకానిక్కే మా ఊరి మొదటి కేబుల్ ఆపరేటర్.

గల్ఫ్‌తో మా ముడి అక్కడితో ఆగలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు మా వీధి నుంచే నలుగురు అక్కడ ఉన్నారు. ఆ ఏడాది కువైట్, ఇరాక్‌ల నుంచి సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. 1991 జనవరి 17న యుద్ధం మొదలైంది. పెద్ద నగరాల ఖరీదైన హోటళ్లలో సీఎన్‌ఎన్ ఆ యుద్ధాన్ని జరుగుతుండగానే చూపించింది. డిష్ పెట్టుకుంటే ఏం చూడొచ్చో ఈ దేశంలో డబ్బున్నవాళ్లకు అప్పుడే తెలిసింది. మాకు మాత్రం రేడియోనే. అయితే, ఊళ్లో డిష్ పెట్టాలన్న మాట మొదట ఎత్తింది సినిమా పిచ్చోళ్లు కాదు, కువైట్‌లో తమవాళ్లున్న ఇళ్లవాళ్లు. ఇది నేను చూసిన సంగతి.

అమ్మకానికి ఉపగ్రహం

మన ఇళ్లలోకి 'స్టార్', 'జీ' వచ్చిన ఉపగ్రహం కథ ఒక్క మాటలో వదిలేయదగ్గది కాదు. దాని అసలు పేరు వెస్టార్-6. 1984 ఫిబ్రవరిలో చాలెంజర్ స్పేస్ షటిల్ దాన్ని వదిలితే, పైకి తోసే మోటారు సరిగా పనిచేయక, పనికిరాని కక్ష్యలో చిక్కుకుపోయింది. అదే సంవత్సరం నవంబర్‌లో డిస్కవరీ షటిల్‌లో వెళ్లిన డేల్ గార్డ్‌నర్, జో అలెన్ అంతరిక్షంలో నడిచి దాన్నీ, దానిలాగే దారి తప్పిన ఇండొనేషియా ఉపగ్రహం పలపా బి-2నూ పట్టుకుని షటిల్ కడుపులో పెట్టుకుని కిందికి తెచ్చారు. పని పూర్తయ్యాక 'అమ్మకానికి' అని రాసిన బోర్డు పట్టుకుని అంతరిక్షంలోనే ఫొటో దిగారు. సరదాకే దిగారు గాని బేరం నిజంగానే తగిలింది. హాంకాంగ్ కంపెనీ చేతికి వచ్చి, బాగు చేయించుకుని, ఏషియాశాట్-1 అని కొత్త పేరు పెట్టుకుని, 1990 ఏప్రిల్ 7న చైనా లాంగ్‌మార్చ్ రాకెట్ మీద మళ్లీ పైకెళ్లింది. 1991లో హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ దాని మీదే మొదలైంది. 1992 అక్టోబర్ 2న జీ టీవీ కూడా అదే ఎక్కింది. మన దేశం నుంచి ప్రైవేటువాళ్లు ఉపగ్రహానికి సిగ్నల్ పంపడానికి వీల్లేని రోజులవి. జీ కార్యక్రమాల టేపులు విమానంలో హాంకాంగ్ వెళ్లి, అక్కడి నుంచి ఆకాశానికి, అక్కడి నుంచి మా మెకానిక్ డాబా మీదికి వచ్చేవి.

సెకండ్ హ్యాండ్ ఉపగ్రహం, సెకండ్ హ్యాండ్ వీసీఆర్, సెకండ్ హ్యాండ్ మోపెడ్. కేబుల్ టీవీ జాతకమే అది.

డాబా మీద గొడుగు

భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున, 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆ ఉపగ్రహం నిలబడి ఉండేది. అమలాపురం నుంచి లెక్క కడితే తూర్పుకూ ఆగ్నేయానికీ నడుమ, నేల నుంచి సుమారు 57 డిగ్రీల ఎత్తు. అంత నిటారుగా ఉండబట్టే కొబ్బరి తోటల నడుమ కూడా అందింది. ఇంకాస్త వాలుగా ఉంటే సగం కోనసీమకు ఆకులే అడ్డం. మా మెకానిక్‌కి ఈ లెక్కలేవీ తెలియవు. పొద్దుట తొమ్మిదీ పది మధ్య సూర్యుణ్ణి చూసి "ఆ దిక్కున, ఇంకాస్త పైకి" అనేవాడు. ఆయన అంచనా పెద్దగా తప్పేది కాదు.

డిష్ విడి రేకులుగా వచ్చేది. వాటిని తామర పువ్వులా బోల్టులతో కలిపి బిగించాలి. పన్నెండు అడుగుల జల్లెడ. కన్నాలన్నీ ఉన్న జల్లెడ సిగ్నల్‌ను ఎలా ఆపుతుందని నేనడిగితే, "దోమతెరకు కన్నాలున్నా దోమ దూరుద్దా అబ్బాయ్?" అన్నాడు. తర్వాత చదువుకున్నాక చూస్తే ఆ జవాబులో తప్పేం లేదు. ఆ ఉపగ్రహం పంపే తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. జల్లెడ కన్నం అంతకన్నా ఎంతో చిన్నది కాబట్టి తరంగానికి అది గోడతో సమానం. గొడుగు మీద పడ్డ సిగ్నలంతా మధ్యన కర్రల మీద వేలాడే ఎల్‌ఎన్‌బి దగ్గర పోగవుతుంది. ఆ డబ్బా దాన్ని తీగలో ప్రయాణించగల స్థాయికి తగ్గించి కిందికి దింపుతుంది. ఎల్‌ఎన్‌బి మీద కాకి వాలితే బొమ్మలో చుక్కలు. దాని మూతలో కందిరీగ గూడు పెడితే మొత్తం మటాష్. ఏటా మార్చి నడుమా, సెప్టెంబర్ చివరా కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడేవాడు. ఆ కొన్ని నిమిషాలు బొమ్మ పోయేది. ఆపరేటర్‌ను తిట్టని ఇల్లు లేదు. పాపం, ఆయన సూర్యుణ్ణి చూపించి "నన్నేం చేయమంటారండీ" అనేవాడు.

డాబా కింద గదిని కంట్రోల్ రూమ్ అనేవాళ్లు. పేరు వింటే విమానాశ్రయం గుర్తొస్తుంది. ఉన్నది మాత్రం ఒక చెక్క అల్మారా, రెండు టేబుల్ ఫ్యాన్లు, బయట చెప్పులు. అల్మారాలో ఛానల్‌కో రిసీవర్, రిసీవర్‌కో మాడ్యులేటర్. ఉపగ్రహం నుంచి వచ్చిన ఛానల్‌ను ఇంట్లో టీవీకి అర్థమయ్యే నంబరులోకి మార్చి కూచోబెట్టేది మాడ్యులేటర్. కిటుకంతా ఇక్కడే ఉంది. మన పాత టీవీల గుండ్రటి మీటలో ఉన్నవి 2 నుంచి 12 దాకా, మొత్తం పదకొండు గదులు. చవక మాడ్యులేటర్లతో పక్కపక్క గదుల్లో రెండు ఛానళ్లు పెడితే ఒకదాని మీద ఒకటి ఎక్కి, బీబీసీ వార్తల వెనక ఎంటీవీ డాన్సు కనబడేది. అందుకని ఒకటి వదిలి ఒకటి వాడాలి. అంటే ఆరేడు ఛానళ్లు మించి పట్టవు. ఆ రోజుల్లో ఛానళ్లు తక్కువ ఉన్నాయని అనుకుంటాం. ఉన్నవాటికే మన టీవీలో చోటు లేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి విడిభాగాలు తెచ్చి మాడ్యులేటర్లు సొంతంగా అతికినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఐటీఐ చదివి ఉద్యోగం రాని కుర్రాళ్ల నిరుద్యోగానికి అది జవాబైంది.

ఆ గది నుంచి తీగ బయల్దేరుతుంది. కథ అసలు రుచి అక్కడి నుంచే.

తీగలో ఎంత దూరం వెళ్తే సిగ్నల్ అంత సన్నగిలుతుంది. ఛానల్ నంబరు పెద్దదైన కొద్దీ ఇంకా త్వరగా సన్నగిలుతుంది. కాబట్టి దారిలో అక్కడక్కడా యాంప్లిఫయర్ పెట్టి బలం పోయాలి. యాంప్లిఫయర్‌కు కరెంటు కావాలి. ఎవరి ఇంటి అరుగు దగ్గర ఆ డబ్బా పెడితే వాళ్లకు కేబుల్ ఉచితం. ఊళ్లో పలుకుబడి ఎవరిదో యాంప్లిఫయర్ ఎవరింట్లో ఉందో చూసి చెప్పొచ్చు. ఆ ఇంటావిడ ఊరెళ్తూ మెయిన్ ఆపేసిందా, అవతలి నలభై ఇళ్లకు టీవీ లేదు. ఇక వీధిలో కరెంటు ఉండి కంట్రోల్ రూమ్‌లో లేకపోయినా, అక్కడ ఉండి నడుమ లేకపోయినా అంతే సంగతులు. మూడు చోట్లా ఒకేసారి కరెంటు ఉండాలి. ఆ కాలపు కోతల్లో అది సామాన్యమైన కోరిక కాదు.

కరెంటు స్తంభాలకు తీగ కడితే లైన్‌మన్‌తో తగువు. అందుకని మా వైపు కొబ్బరి చెట్లే స్తంభాలయ్యాయి. చెట్టు యజమానికి నెలకు ఇంతని ఇవ్వడం, లేదా ఆయనకూ ఉచిత కనెక్షన్. చిక్కల్లా కాయల దింపు వాళ్లతో వచ్చేది. నెలన్నరకోసారి దింపు. గెల తెగి పడుతూ తీగను పట్టుకుపోయేది. ఒక్కోసారి కత్తి వేటు తీగకే తగిలేది. చెట్టు మీద నుంచి "ఏవండోయ్, ఏదో నల్లది తెగిందండీ" అని కేక. కాసేపటికి కాలవ అవతలి ఇళ్ల నుంచి పిల్లలు పరిగెత్తుకుంటూ కంట్రోల్ రూమ్ వైపు. ఉడతల సంగతి సరేసరి. కొబ్బరికాయను తొలిచే పళ్లకు తీగ పైతొడుగు ఒక లెక్కా? వాన నీరు కనెక్టర్‌లోకి దిగితే ఇత్తడి ముక్క పచ్చబడి బొమ్మ మసకబారేది. ఉరిమిందంటే చాలు, ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు వెళ్లి టీవీ వెనక తీగ పీకేసేవాళ్లు. పీకనివాళ్ల టీవీలు మాడిపోయిన సంగతి అందరికీ తెలుసు.

ఇంటి గడప దాటాక ఇంకో సమస్య. ఈసీ టీవీ వెనక రెండు మరలే ఉండేవి, యాంటెనా నుంచి వచ్చే చదునైన రిబ్బన్ తీగ కోసం. గుండ్రటి కేబుల్ దానికి సరిపడదు. నడుమ ఒక చిన్న జోడింపు ముక్క పెట్టాలి. పెట్టకుండా నేరుగా చుట్టేస్తే ఒకే మనిషి పక్కన నీడలా ఇంకో మనిషి. దొంగ కనెక్షన్ల ఆనవాలు కూడా అలాగే దొరికేది. పక్కింటి తీగలో గుండుసూది గుచ్చి ఇంకో తీగ లాక్కుంటే ఇద్దరికీ బొమ్మ పాడవుతుంది. నెలనెలా డబ్బు కట్టేవాళ్లు "బొమ్మ బాలేదు తమ్ముడూ" అని ఫిర్యాదు చేస్తారు. ఆపరేటర్ కుర్రాడు తీగ వెంట నడుచుకుంటూ వెళ్లి, గుండుసూది దగ్గర ఆగి, ఏమీ మాట్లాడకుండా దాన్ని జేబులో వేసుకుని, ఆ ఇంటి తలుపు తట్టి "పిన్నిగారూ, కనెక్షన్ ఇచ్చేయమంటారా?" అనేవాడు. పోలీసు కేసు పెట్టగల అర్హత ఆయనకే లేదు మరి.

వసూలు పుస్తకంలో పేర్లుండేవి కావు. 'టీచరమ్మగారు', 'కాలవ అవతల రెండో ఇల్లు', 'గేదెలాయన', 'మేడ'. మా ఇల్లు 'బావి గట్టు'. మొదటి నెల యాభై రూపాయలు కట్టాం. బొమ్మ రాని రోజులు లెక్కేసి మా నాన్న ఐదో పదో తగ్గించి ఇచ్చేవాడు. ఆ కుర్రాడు తీసుకునేవాడు. ఇవాళ ఏ కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి అలా తగ్గించుకోగలం?

తంతి చట్టమూ, తపాలా కార్యాలయమూ

చట్టం చేతిలో అప్పటికి ఉన్నది 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. తీగ మీద సందేశం పంపాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని దాని సారాంశం. ఆ లెక్కన వీధి దాటి తీగ వేసిన ప్రతి ఆపరేటరూ నేరస్థుడే. తంతి కొట్టే రోజుల చట్టంతో 'శాంటా బార్బరా'ను పట్టుకోవడం కుదరక 1994 సెప్టెంబర్ 29న ఆర్డినెన్సు, 1995 మార్చి 25న కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం తెచ్చారు. ఆపరేటర్లు ఏటా 500 రూపాయలు కట్టి నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. ఎక్కడ అనుకున్నారు? హెడ్ పోస్టాఫీసులో. మనియార్డర్ల కిటికీ పక్కనే ఉపగ్రహ టీవీ నమోదు. కనీసం రెండు దూరదర్శన్ ఛానళ్లు చూపించి తీరాలని కూడా అందులో రాశారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే, 9వ తేదీన, క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రభుత్వ సొత్తు కాదు, ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. కోర్టు చెప్పేసరికి మా ఊళ్లో ఆ ఆస్తి పంపకం జరిగి మూడేళ్లయింది.

తెలుగు ఉపగ్రహ ఛానళ్లు కూడా 1995లోనే వచ్చాయి. జెమినీ ముందు, ఆగస్టు 27న ఈటీవీ. అప్పటిదాకా కేబుల్ కలిగినింటి దర్జా. ఆ తర్వాత బియ్యం, కిరసనాయిలు, కేబుల్. ఇంగ్లీషు ఛానళ్లు వెనక గదుల్లోకి జరిగాయి. మా నాయనమ్మకు ఆస్తి తగువులు అప్పటి నుంచి తెలుగులోనే దొరికాయి.

కానీ నా ఉద్దేశంలో కేబుల్ చేసిన ఘనకార్యం ఉపగ్రహ ఛానళ్లు కావు, లోకల్ ఛానల్. కంట్రోల్ రూమ్‌లో ఒక వీసీఆర్‌ను ఒక మాడ్యులేటర్‌కు తగిలిస్తే అదే లోకల్ ఛానల్. పగలు పాత సినిమా, రాత్రి కొత్త సినిమా. ఆ కొత్త సినిమా దొంగ క్యాసెట్టు అని ఊరందరికీ తెలుసు. పక్క టౌన్లో థియేటర్ వాళ్ల కడుపుకోత కూడా తెలుసు. దాన్ని నేనిక్కడ సమర్థించబోవడం లేదు. అయితే బొమ్మ కింద జారుతూ పోయే స్క్రోలింగ్ చూడండి. పుట్టినరోజు శుభాకాంక్షలు, తప్పిపోయిన తువ్వాయి, రేపు కరెంటు ఉండదు, మెడికల్ క్యాంపు, ఫలానావారి పెద్దకర్మ. పంచాయతీ చాటింపు ఆగిపోయిన చోట అది మొదలైంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. భుజాన కెమెరా, కాలవలో మోకాలి లోతు నీళ్లు, మనుషుల భుజాల మీద ఊగుతూ వచ్చే ప్రభలు. క్యాసెట్టు నిండగానే మోపెడ్ మీద కంట్రోల్ రూమ్‌కు పరుగు. తీర్థానికి వెళ్లి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కునేలోపు తమను తాము టీవీలో చూసుకునేవాళ్లు. నడవలేక ఇంట్లో ఉండిపోయిన ముసలివాళ్లు మంచం మీద నుంచే ప్రభలకు దణ్ణం పెట్టేవాళ్లు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావిలో బ్లోఅవుట్ జరిగి 65 రోజులు మంట మండింది. రాత్రిళ్లు ఆ వెలుగు మైళ్ల దూరానికి కనబడేది. దాని దగ్గరి బొమ్మలను కూడా మేము మొదట చూసింది ఇలాంటి ఒక క్యాసెట్టులోనే.

1996 నవంబర్ 6 రాత్రి తుపాను వచ్చింది. వెయ్యిమందికి పైగా చనిపోయిన ఆ రాత్రి గురించి మాట్లాడేటప్పుడు కేబుల్ ప్రస్తావన తేవడానికే మొహమాటంగా ఉంది. లక్షల కొబ్బరి చెట్లు కూలిపోయాయి. చెట్లతోపాటు తీగ అంతా నేలన పడింది. డాబా మీద పన్నెండడుగుల జల్లెడ మూడు వీధుల అవతల ఒక చెరువులో తేలింది. కరెంటు రావడానికే చాలా రోజులు పట్టింది. మా ఆపరేటర్ తెగిన తీగను చుట్టలు చుట్టి ఇంటి ముందు పెట్టుకుని కూచున్నాడు. కట్టడానికి సరిపడా చెట్లు మిగల్లేదు. ఈసారి గత్యంతరం లేక కరెంటు స్తంభాలకే వెళ్లాడు. అప్పు చేసి మళ్లీ డిష్ నిలబెట్టాడు. మూడు నాలుగేళ్లలోనే దాని అవసరం తీరిపోయింది. టౌన్లోని పెద్ద కంట్రోల్ రూమ్ నుంచి ఫీడ్ తీసుకోవడం చవక. పే ఛానళ్లు తాళం వేసుకున్నాయి. తాళం చెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంది. డిష్ విప్పి రేకులు పశువుల పాకకు అడ్డం పెట్టాడు. యజమానిగా మొదలైనవాడు వసూలు మనిషిగా మిగిలాడు.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. మలి విడత డిజిటల్ మార్పులో 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్, విశాఖపట్నం సెట్‌టాప్ బాక్సుకు మారాయి. పల్లెల గడువు 2017 మార్చి 31 దాకా సాగింది. ఆ ఏడాది డిసెంబర్ 27న ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ మొదలైంది. ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. ఆ గాజు తీగను గడపల దాకా తెచ్చే పని మళ్లీ ఈ కేబుల్ వాళ్లకే అప్పగించారు. ఏ గొందులో ఏ ఇల్లుందో ఇంకెవరికి తెలుసు? 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త లెక్క ప్రకారం వంద ఛానళ్ల గేటు రుసుమే పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలైంది. పే ఛానళ్లకు వేరే. ఆ నలభై పైసలు ఏం చేయాలో మా ఆపరేటర్‌కు ఎప్పటికీ తెలియలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన ఇంటి అటక మీద అట్టపెట్టెలు నాలుగు చూశాను. అన్నీ వీడియో క్యాసెట్లే. 1993 నుంచి పదేళ్ల ప్రభల తీర్థాలు, తుపాను తర్వాతి వారం, ఊరి బడి వార్షికోత్సవాలు, పోయినవాళ్లు నవ్వుతూ నడుస్తున్న పెళ్లి ఊరేగింపులు. కొన్ని టేపుల మీద తెల్లటి బూజు. కోనసీమ తేమకు అది తప్పదు. ఆడించి చూద్దామంటే ఊళ్లో పనిచేసే వీసీఆర్ ఒక్కటీ లేదు. ప్రపంచంలో చివరిదాకా వాటిని తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైతో ఆపేసింది.

1990లలో మన చిన్న ఊళ్లు ఎలా ఉండేవో కదిలే బొమ్మలుగా చూపించేవి ఇవే. దూరదర్శన్ కెమెరా మన ఊరికి రాలేదు. మీ ఊరి పాత కేబుల్ ఆపరేటర్ ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఒకసారి వెళ్లి అటక మీద ఏముందో అడగండి. బూజు పట్టిన టేపును ఆడించబోకండి, తెగిపోతుంది. పొడి గుడ్డలో చుట్టి, పట్నంలో టేపులను డిజిటల్‌లోకి మార్చేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. వానలు మొదలుకాక ముందే వెళ్లండి.